కుట్టులో వదిలిన బట్ట

లా పాజ్‌లో పొద్దున్న ఆరింటికి
ఊపిరి కూడా లెక్కపెట్టుకుని తీసుకోవాలి.
బ్యారక్స్ వెనక గదిలో కసిల్డా వరాచి
కుట్టుమిషను మీద ఎర్రకోటు తిరగేస్తుంది.

కాలరు లోపల చెరగని సిరాతో పేర్లు.
ఒకటి కొట్టేసి కింద ఇంకొకటి,
ఏటా ఒకడు.
తొమ్మిదో పేరు నెమేసియో తార్కి,
ఉప్పు ఎడారి అంచు నుంచి వచ్చినవాడు,
పద్దెనిమిది నిండి నాలుగు నెలలు.
సముద్రం చూడలేదు. వాళ్ళ నాన్నా చూడలేదు.

"ఆ యుద్ధంలో తొడిగింది ఇదేనా, దోన్యా?"
అడిగాడు మొదటిరోజు, గొంతు తగ్గించి.
పెదాల మధ్య గుండుసూదులతోనే నవ్విందామె.
ఇది పాలిస్టరు నాయనా.
గుండీలకి ఇత్తడి పూత, లోపలంతా ప్లాస్టిక్కు.
ఆ ఇసుకదిబ్బల మీద పడిపోయినవాళ్ళ కోట్లు
వాళ్ళతోనే పోయాయి.
అక్కణ్ణుంచి నడిచొచ్చింది
రెజిమెంటు పేరొక్కటే.
దానికి చేతులు కుట్టడం నా పని.

పదింటికి అధ్యక్ష భవనం గుమ్మంలో నిలబడతాడు.
ప్లాజా నిండా పావురాలు,
మొక్కజొన్న గింజలమ్మే ముసలమ్మ,
ఫొటోలు దిగే పెళ్ళివారు.
ఒక పావురం వచ్చి టోపీ మీద వాలింది.
కదలకూడదు.
మనకి మిగిలిన యుద్ధం కదలకపోవడమే అంటాడు సార్జెంటు,
ఆయన మాత్రం నీడలో కూర్చుని పల్లీలు ఒలుస్తూ.
"అమ్మా, బొమ్మా మనిషా?" అంది ఒక పసిగొంతు.
నెమేసియో ఒక్కసారి కన్నార్పాడు.

సాయంత్రం హాజరు.
ముందు బతికున్నవాళ్ళవి పిలుస్తారు.
తర్వాత, పోయిన తీరం కోసం
పోయినవాళ్ళవి కొన్ని.
ఒక్కో పేరుకి ఎవడో ఒకడు "ఉన్నాను" అనాలి.
ఇవాళ వంతు నెమేసియోది.
వచ్చిన పేరు డోలు కొట్టే కుర్రాడిది, పద్నాలుగేళ్ళు,
ఇంటిపేరు ఎవరూ రాసిపెట్టలేదు.
ఒట్టి హిలారియో.

ఊళ్ళో వీడి తమ్ముడి పేరూ అదే.
పొద్దున్నే లామాలు తోలుకెళ్ళి
ఈ వేళకి ఇంటికొచ్చుంటాడు.

రెండోసారి పిలిచారు.
"ఉన్నాను!"
ఎవరి తరఫున అన్నాడో గానీ
చంక దగ్గర కుట్టు పర్రుమంది.

రాత్రి దీపం కింద కసిల్డా చిరుగు చూసింది.
తిట్టలేదు.
లోపల మడిచి దాచిన బట్ట రెండు వేళ్ళంత వదిలింది,
కుర్రాడి భుజాలు ఎదుగుతున్నాయి మరి.
కాలరులో పదో పేరుకి చోటు లేదు,
కొత్త పట్టీ వెయ్యాలి.
ఎర్రదారం కండె ఖాళీ.
పొద్దున్నే బజారుకి వెళ్ళాలి.