మరువం

పెరంబూరులో, రైలుపెట్టెల ఫ్యాక్టరీ సైరను వినపడే వీధిలో
ఏడాదిన్నర పాటు
ఎదుటి మేడ మీదాయన నా కుండీలు లెక్కపెట్టాడు.
నాకెలా తెలుసంటే
నేనూ ఆయనవి లెక్కపెడుతున్నాను గనక.
నలభై రెండు.
మూతి విరిగిన బిందె, రంగు డబ్బాలు కలిపితే నలభై ఆరు.

మాట కలిపింది పిండినల్లి.
నా మందారం మొగ్గల మీద తెల్లగా పేరుకుంటే
పిట్టగోడ దాకా వచ్చి అరిచాడు:
"వేపనూనె! సబ్బునీళ్లు! ఎండ దిగాక!"
కిక్కిరిసిన బస్సులో చివరి మెట్టు దాకా వినపడే గొంతు.
కండక్టరుగా రిటైరయ్యాడని, పేరు సెల్వమణి అని
తెలిసేసరికి రెండు కార్తెలు మారాయి.
అప్పటిదాకా నాకాయన పొట్లకాయ.
ఆయనకి నేను గోంగూర.

పొట్లపాదు పట్టుకుని పోతే
సందు చివర మెహరున్నీసా తగిలింది.
డయాలిసిస్ వార్డులో నర్సు.
ఊచల బాల్కనీ నిండా ఖాళీ సెలైన్ సీసాలు వేలాడదీసి
ఒక్కో మొక్కకీ నిమిషానికి ఇన్ని చుక్కలని రాసిపెట్టింది.
ఆమె వెనక డోరీన్ టీచరమ్మ,
ముప్ఫై రకాల గులాబీలు,
ఒక్క కొమ్మ ఇవ్వమంటే మాత్రం చెవుడొస్తుంది.
చివరికి పరిది అనే కుర్రాడు,
అద్దెగది కిటికీలో ఒకే ఒక్క కుండీ, పుదీనా.
అందరికంటే ముందొచ్చి చాప పరిచేది వాడే.

నెలలో మొదటి ఆదివారం ఒకరి మేడ.
చెప్పులు కింద, కాఫీ పైన.
ఎండిన కుండీ కనిపిస్తే
ఇంటివాళ్లు ఎత్తితే తప్ప ఎవరూ ఎత్తకూడదు.

నా గోంగూర ఒకరికి పుళిచ్చకీరై,
ఒకరికి అంబాడా,
టీచరమ్మకి "ఆ ఎర్రకాడల పులుపు".
ఏ పేరున పిలిచినా
పళ్లు ఒకేలా జివ్వుమన్నాయి.

పుష్యమాసం చలిలో సెల్వమణి
నాకో మరువం కొమ్మ ఇచ్చాడు.
వాళ్లావిడ జడలోకని పెంచేదట, దానికి పిల్ల.
మా తెలుగులో మరువం అంటే
"మరచిపోము" అని కూడా అర్థమని
ఆ రోజు గొప్పగా చెప్పాను.

మే నెల. బోరు నీళ్లలో ఉప్పు.
పెళ్లికని వేలూరు వెళ్లి
నాలుగు రోజులు మరిచాను.
తిరిగొచ్చేసరికి
వేలితో ముడితే పొడి,
పొడిలో కూడా వాసన.

ఏం చెప్పను?
బండివాడి దగ్గర మరో మరువం కొని
అదే కుండీలో, అదే వైపు తిప్పి పెట్టాను.

ఆదివారం సెల్వమణి వచ్చాడు.
ఆకు నలిపి వాసన చూశాడు.
మట్టిలో వేలు గుచ్చి తీశాడు.
గోటికి నర్సరీ ఎర్రమట్టి.
చాలాసేపు ఆ గోరునే చూసి
నా వైపు వంగి మెల్లగా అడిగాడు,
ఆ గొంతుకి మెల్లగా కూడా వచ్చని నాకప్పుడే తెలిసింది:
"ఎంతకిచ్చాడు?"
"నలభై."
"నాకు ముప్ఫై అయిదే."

అయిదు రూపాయలు ఎక్కువ పెట్టినందుకు నవ్వానో,
ఆయన తల్లిమొక్కా పోయినందుకో,
కాఫీ పొలమారింది.

అప్పుడు మెహరున్నీసా
రాత్రి డ్యూటీ కళ్లు నులుముకుంటూ అంది,
"నాదింకా ఉంది. రండి."

ఊచల మూల, తడి గోనె నీడలో
మూడు కొమ్మలు, పదకొండు ఆకులు.
పైన సీసా. కింద చుక్క.
ఆగి, మళ్లీ చుక్క.
అయిదుగురం చేతులు కట్టుకుని నిలబడ్డాం,
విజిటింగ్ టైములో వచ్చిన చుట్టాల్లాగా.
"వాన పడేదాకా ఎవరూ గిల్లొద్దు" అందామె.
డోరీన్ టీచరమ్మ తలూపింది,
జీవితంలో మొదటిసారి తానే అడిగే మనిషిలా.

పరిది ఏమీ అనలేదు.
వాడి సంచిలో
అడుగున కన్నాలు పొడిచిన పెరుగు డబ్బా ఒకటి
గోడకి తగిలి
డొల్లగా మోగింది.