ఒక్క గీత

ఆ ఇంటి గోడ మందం రెండు మూరలు.
గోడలకు చెవులుంటాయని ఎవరన్నారో గానీ
అస్తూరియాస్ కొండల్లోని ఈ రాతిగోడకి
పుట్టుచెవుడు.

ఒబ్దూలియా ఫోన్ చేయడం అది మూడోసారి:
"నీ కెమెరా గుడ్డిది. వచ్చి పట్టుకుపో."
తొంభై కిలోమీటర్లు, అన్నీ మలుపులే,
వానలో వ్యాను నడుపుకుంటూ వెళ్లాను.

కెమెరా గుడ్డిది కాదు.
వాలులో తేనెపెట్టెల పక్కన, కొయ్యగుంజ మీద
రాత్రంతా కన్ను తెరుచుకునే ఉంది పాపం.
చూసింది చెప్పుకోడానికే దానికి దారి లేదు.
ఆమె ఫోన్‌లో మిగిలింది
ఎలుగుబంటి వీపు, సగం.
తర్వాత గుండ్రంగా తిరిగే చుక్కలు.
తర్వాత తెల్లవారి
బోర్లాపడ్డ నాలుగు పెట్టెలు.
నడిమి కథంతా గాలిలోనే ఎక్కడో రాలిపోయింది.

రౌటర్ ఎక్కడమ్మా అంటే
వంటింటి అలమర తలుపు తీసింది.
ఇనప మూకుళ్ల వెనక, చిక్కుళ్ల డబ్బా పక్కన
చలికి ముడుచుకున్న పిల్లిలా ఉంది.
"దుమ్ము పడుతుందనీ..." అంది.

బయటికి తీసి కిటికీ గట్టున కూర్చోబెట్టాను.
ఐదు గిగాహెర్ట్జ్ మీద ఉరుకులు పెట్టేదాన్ని
రెండు పాయింట్ నాలుగుకి దించాను.
నడక నెమ్మదే, కానీ దూరం పోతుంది.
ఫోన్ పట్టుకుని వాలు దిగాను.
గుమ్మంలో నాలుగు గీతలు,
కోళ్లగూటి దగ్గర మూడు,
బెలార్మీనో కంచె దగ్గర రెండు,
తేనెపెట్టెల దగ్గర ఒక్క గీత,
అదీ నేను ఊపిరి బిగబట్టి నిలబడితేనే.

మధ్యలో ఎక్కడో ఒక మెట్టు వేయాలి.
అందుకు తగిన చోటు ఒక్కటే ఉంది:
ఎలకలకందకుండా నాలుగు రాతికాళ్ల మీద నిలబెట్టిన
బెలార్మీనో చెక్కగాదె.
దాని కిటికీలోంచి ఇటు ఈ ఇల్లూ కనబడుతుంది, అటు ఆ పెట్టెలూ.
కరెంటు కూడా ఉంది.

ఆమె ఏమీ అనలేదు.
ఉడుకుతున్న క్యాబేజీ కేసి చూసింది.
తొమ్మిదేళ్లట, ఆ ఇంటితో మాటల్లేక.
హద్దు మీది చెస్ట్‌నట్ చెట్టు నాదంటే నాదని
ఇద్దరూ ఏరకుండా వదిలేసిన కాయలతో
అడవిపందులు బాగా బలిశాయట.

నేనే వెళ్లి తలుపు కొట్టాను.
ముసలాయన చెక్కచెప్పులతో టకటకా వచ్చి
నా మాట పూర్తికాకుండానే నిచ్చెన వేశాడు.
వేలాడే మొక్కజొన్న కండెల మధ్య
మేకెక్కడుందో కిందనుంచే చెప్పాడు.

రిపీటర్ తగిలించాను. పాస్‌వర్డ్ అడిగింది.
కేకేశాను.
ఒబ్దూలియా కంచెకవతలే ఆగిపోయి ఉంది.
"రాసిస్తాను," అంది.
"కాయితం తడిసిపోతుందమ్మా, చెప్పేయండి!"

చెప్పింది, ఒక్కో ముక్కా
అన్నంలో రాళ్లు ఏరుతున్నట్టు:
బె. లా. ర్మీ. నో.
ఆగింది.
వాన ఆగలేదు.
గా. డి. ద.
అంతా కలిపి, చివర
చెట్టు గొడవ జరిగిన సంవత్సరం.

నా వేలు అద్దం మీదే ఉండిపోయింది.
కింద ఆయన
నిచ్చెన వదిలేస్తాడేమో అనుకున్నాను.
వదల్లేదు.
బురదైన చెప్పుల్ని కాసేపు చూసుకుని
"సంవత్సరం తప్పు," అన్నాడు,
"పదేళ్లయింది."

మార్చిలో రెండో కెమెరా బిగించడానికి మళ్లీ వెళ్లాను.
పెట్టెల దగ్గర మూడు గీతలు, ముసురుపడితే రెండు.
ఎలుగు రాలేదు. రాదని కాదు.
నా ఫోన్ మాత్రం తనంతట తాను అతుక్కోలేదు.
"మార్చాను," అంది ఒబ్దూలియా.
హమ్మయ్య అనుకుని కొత్తది అడిగాను.

అదే పేరు. అదే గాడిద.
చివరి అంకె ఒక్కటి తగ్గింది.

రౌటర్‌లో మారిస్తే సరిపోదు దానికి.
గాదెలోకెక్కి అక్కడా మార్చాలి.
ఆమె ఎక్కుతుంటే, ఆ తడి మెట్ల మీద,
నిచ్చెన ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి.