అప్పగింతలు

పది రోజులే వైశాలీ,
కంటి ఆపరేషన్‌కు చంద్రపూర్ పోయొస్త.
అందాక ఈ దుకాణం నీది.
తాళంచెవి తర్వాత ఇస్త,
ముందుగాల వీటి గుణాలు తెలుసుకో.

గిది ప్రింటర్.
పొద్దుగాల లేవంగనే దగ్గుతది, బెదరకు.
మొదటి కాగితం ఎప్పుడూ వంకరనే గుంజుతది,
అందుకే పాత పెండ్లిపత్రిక ఒకటి తినిపియ్యి.
ఇరుక్కుంటే ముందునుంచి పీకకు.
వెనుక మూత తీసి, పేలు చూసినట్టు
ఓపికగ, రెండు చేతులతోని.
ఒకసారి లోపల రెండు బల్లిగుడ్లు దొరికినయి.
అగ్గిపెట్టెల పెట్టి కిటికీల దాచిన,
తర్వాత మర్చేపోయిన.

మౌస్ కింద ఎర్రదీపం వెలుగుతది గాని బాణం కదలదు.
బల్ల అద్దంది గదా,
దానికి కాలు పెట్టే నేల కనబడది.
తునికాకు పుస్తకం అట్ట కింద వెయ్యి, నడుస్తది.

కీబోర్డు మీద మరాఠీ అక్షరాలు నేనే అతికిచ్చిన.
అన్నిట్ల ముందు అరిగింది ‘ళ’.
సిరోంచల అటు మాటకూ అదే కావాలె,
ఇటు మాటకూ అదే కావాలె.
పొడుగు మీటను ఎడమదిక్కే కొట్టు,
కుడిదిక్కు చెవుడు.

తీగలు పెట్టే బొక్కలు నాలుగు.
ముందటి రెండిట్ల ఒకటి చీమలకిచ్చేసిన.
వెనుక నీలంది వేలిముద్ర మిషన్‌ది,
దాన్ని ఇంకోదాంట్ల పెట్టకు,
కొత్త ముఖమనుకుంటది,
మళ్ల మొదటినుంచి పరిచయాలు చెయ్యాలె.
దాని అద్దం కొంగుతోని తుడవకు.
తునికాకు రోజులల్ల వేళ్లకు జిగురుంటది,
మిరపకాయ ఏరొచ్చినోళ్ల వేళ్లకు మంట.
ముద్ర పడకుంటే నీ వేలు అరిగిందని ఎవరితోనూ అనకు.
మిషన్ అలిసిందను,
నీళ్లియ్యి, ఇంకో వేలు అడుగు.

ఇంకోటి యాదికొచ్చింది.
స్క్రీన్ మీద డ్రైవర్ దొరకలేదని వస్తది ఒక్కోసారి.
నేను పైకే చదివిన ఒకనాడు.
బెంచి మీద గంటసేపటినుంచి కూసున్న తలండి చిన్నుబాయి
“అహేరి యస్టీకి గూడ గిట్లనే అంటరు బిడ్డా,
ఆగు, బీడీ తాగొస్తడు” అన్నది.
నిజంగనే ఆగిన.
తీగ పీకి, పది లెక్కవెట్టి, మళ్ల పెట్టిన.
వచ్చిండు.

కరెంటు పోయినప్పుడు మాత్రం
ప్రింట్ మీట మళ్లమళ్ల కొట్టకు.
వరదొచ్చిన ఏడు నేను కొట్టిన.
బయట వాన, ఎదురుంగ లింగుమామ,
వచ్చుడు పోవుడు కరెంటు,
కొట్టిందే కొట్టిన, ఏడుసార్లు.
ఒక్క కాగితం రాలె.
తాళమేసి పోయినం.
మూడోనాటి నడిరాత్రి హోటల్ బాపురావు తలుపు కొట్టిండు,
“నీ దుకాణంల ఎవరో ఉన్నరు” అని.
పోయి తెరిస్తే
చీకట్ల ప్రింటర్ ఒక్కతే పని చేసుకుంటున్నది.
ఏడు కాగితాలు.
ఏడిట్లనూ ఒక్కటే సాత్‌బారా,
లింగుమామ పేరు, గోదారొడ్డు చేను,
ఒక హెక్టారు పన్నెండు ఆర్లు.
అప్పటికి ఆ చేను మీదికెల్లి నీళ్లు పోవట్టి రెండు రోజులు.

తెల్లారి వచ్చిండు.
తహసీల్‌కు ఒకటి, పంట నష్టం సాబుకు ఒకటి,
కడమ ఐదు చింపెయ్యనా మామా అన్న.
“ఉండనియ్యి” అన్నడు.
ఏడూ మడిచి అంగి లోపల పెట్టుకున్నడు.
పైసలు నేనడగలె.

అందుకే చెప్తున్న,
దీపమార్పే ముందు వరుసల ఏమన్న ఆగి ఉన్నదా చూడు.
ఉంటే, అది ఎవరిదో చదివినంకనే రద్దు చెయ్యి.

స్పీకర్ల ముచ్చట చెప్పనే లేదు.
ఎడమదే మోగుతది.
కుడిదాని తీగ ఎలుక కొరికింది, నేను ముడేసిన.
రాత్రిపూట అన్నీ బంద్ చేసినంక గూడ
దాంట్లకెల్లి సన్నగ ఎవరో తెలుగుల
పత్తి ధరలు చదువుతరు.
రిపేరు చెయ్యకు.

హారన్ వినబడ్డది గదా?
ఆ సంచి ఇటియ్యి.
జర బయటికి పోయి చూడు వైశాలీ,
డ్రైవరున్నడా.