తనిఖీ

పెరంబూరు మైదానం, ఆదివారం, ఆరున్నర.
ఆటలోకి రావాలంటే కత్తి ఏదైనా
ముందు నన్నే కొట్టాలి. అదీ రూలు.

ఇళంగో తెచ్చింది లేటెక్స్‌ది.
అంచున తుప్పు కూడా వేయించాడు,
చూసినవాళ్ళు ఒకడుగు వెనక్కేశారు.
మద్రాసు ఉక్కకి ఒరలో అతుక్కుని
టాల్కం పౌడరు వాసనతో ఊడొచ్చింది.
మొన నొక్కాను. లోపలి కడ్డీ
పాలపన్నులా వేలికి తగిలింది.
వద్దన్నాను.
రెండు నెలల జీతం, అన్నాడు.
నా కనుబొమ మీది కుట్లు చూపించాను.

హైమది పరుపుముక్క, వెండి టేపు.
పొట్లకాయ అని నవ్వారు.
చెంప మీద కొట్టించుకున్నాను: దిండు.

పదింటిదాకా ఇళంగో మూతి ముడుచుకునే ఉన్నాడు.
ఆఖరి పోరులో ఆ పొట్లకాయ
డొక్కలో తగిలిందో లేదో
మోకాళ్ళ మీద కూలి
ఎంత మెల్లగా చచ్చాడంటే,
అవతల క్రికెట్ ఆడే పిల్లలు
నీళ్ళసీసాతో పరిగెత్తుకొచ్చారు.