లోపలి నుంచి

ఉమ్మి కాదు పోలయ్యా, కఫం.
లోపలి నుంచి, అట్టడుగు నుంచి తియ్యి అన్నాను.
చౌటూరి పోలయ్య డబ్బాలోకి చూశాడు
బొరియలోకి చూసినట్టు.

కొమ్మమూరు కాలవ కట్ట మీద పద్నాలుగు పాకలు.
డోర్ నంబరు గడిలో
‘తుమ్మచెట్టు దాటాక రెండోది’ అని రాస్తే
ఆఫీసులో నవ్వారు.
కంప్యూటరు ఒప్పుకోలేదు, సున్నా కొట్టాం.
ఆ సున్నా నంబరు ఇంట్లో ఐదుగురు, ఒక కుక్క,
ఒకటే దగ్గు, వంతులవారీగా.

ముప్పై ఏళ్ళు కుండ ఊదిన మనిషి.
కుండ మూతి బొరియకి,
తన మూతి కుండ అడుగు చిల్లుకి,
మధ్యలో తడిగడ్డి.
సగం పొగ ఎలక్కి, సగం తనకి.
రైతు తోకలు లెక్కెట్టి డబ్బులిచ్చేవాడు,
రెండు తోకలు తగ్గించి.

మందులు మొదలెట్టిన మూడోనాడు
ఎర్రగా పోస్తున్నాడని
అంకాలు మాత్రల అట్ట కాలవలోకి విసిరేసింది.
‘మొగుడి నెత్తురు కరిగించే మందు మాకొద్దు.’
అది మందు రంగే తల్లీ, నెత్తురు కాదని
చీకటి పడేదాకా చెప్పాను.
చివరికి నమ్మింది నన్ను కాదు,
పక్క పాక నాగూరమ్మని.
నిరుడు ఆమెకీ అంతేనట.

కోతలప్పుడు మాయమయ్యాడు.
రిజిస్టర్లో ఎర్రసిరా: తప్పిపోయాడు.
తప్పిపోవడమేంటి?
చేబ్రోలు వెనక మాగాణుల్లో
పొగ లేచినచోట ఉంటాడు.
మూడు పొగల దగ్గరికి తిరిగాను.
రెండు, ఉత్త గడ్డిమంటలు.
మూడోదాని దగ్గర ఒంగి ఉన్నాడు.
నోటితో ఊదొద్దన్నానుగా అంటే
‘నోరు పెట్టకపోతే
నేనొచ్చానని ఎలక్కెట్టా తెలుసుద్దమ్మా’
అని నవ్వాడు, నవ్వు దగ్గయింది,
దగ్గు ఆగేదాకా వల పట్టుకున్న పిల్ల
ఎటో చూస్తూ నిలబడింది.
మాత్రలిచ్చి నా నీళ్ళ సీసా అందించాను.
తలెత్తి, పైనుంచి పోసుకున్నాడు,
మూతి తగలకుండా.
అది నేను నేర్పింది కాదు.

ఇవాళ రెండో పరీక్ష.
దగ్గి, దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు.
‘రావట్లేదమ్మా. లోపలేం లేదు.’
తప్పు చేసినవాడిలా డబ్బా చాపాడు.
అడుగున తెల్లటి ఉమ్మి, రెండు బుడగలు.
గుంటూరులో ల్యాబు కుర్రాడు తిడతాడు.
తిట్టనీ.
పేరు రాశాను, ఇంటి నంబరు సున్నా.
ఎండెక్కకముందే చేరాలి.

బండి కిక్కు కొట్టబోతుంటే
పాక వెనక, కుండలు కడిగేచోట
ఎవరో సన్నగా దగ్గారు.

స్టాండు మళ్ళీ వేశాను.
సంచిలో ఇంకో డబ్బా ఉండాలి.