అర మాత్ర

కొర్లగుంటలో ఇంకా కుళాయి రాలేదు.
బ్లేడుతో మాత్రను రెండు చేస్తా,
ఎప్పుడూ ఒక సగం పెద్దదవుతుంది.
బుడంకాయగాడికి తెలుసు ఇడ్లీ ముద్దలో ఏముందో:
ఇడ్లీ మింగి, మాత్రను
కడిగిన గవ్వలా గిన్నె పక్కన పెడతాడు.

వెటర్నరీ కాలేజీ డాక్టరమ్మ చెప్పింది:
గుమ్మడి, మెత్తటన్నం, గుడ్డులో తెల్లది.
నెయ్యి చుక్క కూడదు.
కార్జం చెడినోడికి కార్జం అసలే పెట్టకూడదంట.
మస్తానమ్మ అంగట్లో ఆదివారం పొట్లం మానేశా.

పక్కింటోళ్లు కొండ మీంచి తెచ్చిన లడ్డు
మూడు రోజులుగా డబ్బాలోనే.
మూత తీస్తే చాలు, ఏ గదిలో ఉన్నా వస్తాడు.

ఈ పొద్దు వాడి కింది రెప్ప లాగి
ఎండకు తిప్పి చూసినా.
పసుపు తగ్గినట్టే ఉంది,
లేదా ఎండే తెల్లగా కాసిందేమో.

మాత్ర మింగినాడు.
గిన్నె చుట్టూ ఏమీ లేదు.
మంచం కింద కూడా ఒకసారి చూడాలి.