ఏడో రాయి

ఓక్లీ స్టేషన్ వెనక, మూతపడ్డ టైల్స్ గోడౌన్‌లో
పన్నెండు రాళ్లు కావాలన్నారు.
రోజుకి నూట ఎనభై డాలర్లు, మధ్యాహ్నం భోజనం.
నేను ఏడో రాయిని.

కథ పాతదేనట, సైప్రస్ దీవిది:
చెక్కినవాడే చెక్కినదాన్ని ప్రేమిస్తాడు,
అఫ్రొడైటీ జాలిపడి ప్రాణం పోస్తుంది.
ఈ సినిమాలో వాడు బాత్రూములకు టైల్స్ వేసే మేస్త్రీ.
దేవత కేకుల కొట్టు నడుపుతుంది,
బోణీ కాకముందు వరాలివ్వదు.
మా వైపు రాయి ఆడది కావాలంటే
ఒక పాదం తగలాలి, అదీ వేల ఏళ్లు ఆగాక.
ఇక్కడ ముద్దు చాలు.
ఇంటర్వెల్ దాకా కూడా ఆగక్కర్లేదు.

తెల్లారుజామున నాలుగున్నరకి తనాసిస్ నాకు సున్నం కొట్టేవాడు.
అతని పని అదే: మెడ, మోచేతులు, చెవుల వెనక.
"ఊపిరి తీసుకో, కానీ కనపడకుండా" అనేవాడు.
నా రంగు మీద తెలుపు నిలవడానికి మూడు పూతలు.
"మంచి గోడ" అన్నాడొకసారి, మెచ్చుకోలుగానే.
ఆ మాటకి వారం రోజులు కోపం,
ఎనిమిదో రోజు ఎందుకో నవ్వు.

ఫిబ్రవరి. బయట నలభై ఒకటి.
తలుపు తీస్తే చాలు ఈగలు,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

హీరో మోకాళ్ల మీద కూలబడి
హీరోయిన్ రాతిపాదాలతో చెప్తున్నాడు,
వానలో తడవనివ్వనని, దుమ్ము పడనివ్వనని.
ఆ ఇంగ్లీషంతా నాలో తెలుగైపోతోంది:
మీద ఈగ వాలనివ్వను.
సరిగ్గా అప్పుడే వాలింది,
ఆమె మీద కాదు, నా పై పెదవి మీద.

రాయికి చక్కిలిగింత ఉండకూడదు.
కెమెరా వెనక తనాసిస్ చూశాడు.
ఆ రోజు షూటింగ్ కాగితాన్ని మడిచి
గాల్లో, చప్పుడు లేకుండా,
పదిహేను అడుగుల దూరం నుంచి
నా ఈగని తోలుతున్నాడు.

పగిలింది. ముందు చెంప, తర్వాత గడ్డం.
పెచ్చులు రాలిన చప్పుడు మైకులో వినపడిందట.
"కట్! ఏడో రాయీ, ముద్దు నీకు కాదు!"
డైరెక్టరమ్మ కేకకి మిగతా పదకొండు రాళ్లూ నవ్వాయి.

విడుదలైన సినిమాలో పదకొండే ఉన్నాయి.
లెక్కపెట్టాను, రెండుసార్లు.
ఏడో పీఠం మీద పూలకుండీ.
దాని వెనక గోడ మీద ఒక్క క్షణం
మడిచిన కాగితం నీడ
ఇటూ అటూ ఊగింది.

"పూలకుండీకి ఎవరు విసిరారు?"
పక్క సీటు వైపు వంగి అడిగాను.
పాప్‌కార్న్ నమలడం ఆపలేదు.
తెర వెలుగు పడ్డప్పుడల్లా
అతని చెవి వెనక కాస్త సున్నం.